సుక్కల అనుములు

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు జరిగి మా కిటికీ రెక్కలు ఎప్పటిలాగే గడగడలాడి ఊరుకున్న కాసేపటికి, మా గోదావరిఖని ఇంటి గడపలో ఒక అమ్మాయి గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. కొత్తవాళ్లంతా ఆ చప్పుడుకు అలాగే బెదిరిపోతారు, మా వీధి కుక్కలు మాత్రం చెవి కూడా కదపవు. నాకు నవ్వొచ్చింది. లోపలికి పిలిచి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, కూర్చోబెట్టాక తెలిసింది, నేను రిటైరయ్యేదాకా పనిచేసిన పప్పుధాన్యాల పరిశోధన కేంద్రంలోనే ఆమె కొత్తగా చేరిన సైంటిస్టు అని. సైంటిస్టు అంటే మా కాలంలో కళ్లద్దాలు, బట్టతల, జేబులో రెండు పెన్నులు. ఈ పిల్లేమో జీన్సు ప్యాంటు మీద కుర్తా వేసుకుని, చున్నీతో చెమట తుడుచుకుంటూ, నన్ను అమ్మా అని పిలుస్తూ మా ఇంటి మనిషిలాగే ఉంది.

ఆమె చెప్పిన మాట వింటే ముందు నాకు చెవుల మీద నమ్మకం కలగలేదు. ఇప్పుడు పరిశోధన అంతా పాత గింజల వైపు తిరిగిందట. ఎండలు ముదురుతున్నాయి, వానలు దారి తప్పుతున్నాయి, ఒకే రకం పంట వేసిన చేను ఒక్క తెగులుకే తుడిచిపెట్టుకుపోతోంది, కాబట్టి పూర్వం ఊళ్లలో కలిపి వేసిన కందులు, అనుములు, ఉలవలు, బబ్బెర్లనే అలసందలు వీటన్నిటినీ వెతికి పట్టుకుని, వాటిలో ఎండకు ఓర్చుకునే గుణం ఎక్కడుందో చూస్తున్నారట. "గనుల కింద పోయిన ఊర్ల గింజలు ఎవల దగ్గరన్న మిగిలినయా అని తిరుగుతున్ననమ్మా, మీ ఊరు గూడ పోయిందట గదా" అని ఆమె అడుగుతుంటే నాకు నవ్వు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఎందుకంటే ఆ కేంద్రంలో నా మొదటి ఉద్యోగం, చాలా ఏళ్లపాటు నా ప్రధానమైన ఉద్యోగం, అలాంటి మొక్కలను వేరుతో సహా పీకి గట్టు మీద పారేయడమే.

లేచి వెళ్లి, అల్మారా కింది అరలో చీరల వెనక దాచిన రేకు డబ్బా తెచ్చి ఆమె ముందు మూత తీశాను. ఎర్రమట్టి రంగు గింజలు, ఒంటి నిండా ఆవగింజలంత నల్లచుక్కలు, ఒక అంచున తెల్లటి నామంలాంటి గీత. చిక్కుడు జాతి అనుములే, కాని బజారులో దొరికే అనుములు కావు. ఆ పిల్ల ఒక గింజను వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూస్తుంటే ఆమె మొహం ఎంత వెలిగిపోయిందంటే, ఆ వెలుగును ఆర్పడానికి నాకు మనసు రాలేదు. ఆర్పక తప్పలేదు. అవి మొలవవమ్మా, చచ్చిపోయి చాలా ఏళ్లైంది అన్నాను. ఎట్లా అని అడిగింది. ఆమెకు చెప్పింది కొంతే, మిగతాది నా ఈడువాళ్లైన మీకు చెప్పుకుంటున్నాను, ఎందుకంటే బొగ్గుల పొయ్యి మీద వండినవాళ్లకు తప్ప ఇది ఇంకెవరికీ సరిగ్గా అర్థం కాదు.

మా ఊరు గోదావరికి కూతవేటు దూరంలో ఉండేది. ఉండేది అనడమే ఇప్పటికీ నా నోటికి అలవాటు కాలేదు. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, గనిలో బొగ్గు నింపే పనికి పోయేవాడు, అమ్మ, అంటే మా అవ్వ, సేద్యం చేసేది. మా దిక్కు చాలా ఇళ్లలో అంతే, మగవాళ్లు భూమి లోపలికి, ఆడవాళ్లు భూమి పైకి. మా చేను ఏమంత పెద్దది కాదు గాని అందులో లేనిది లేదు. జొన్న సాళ్ల మధ్య కంది, కంది పక్కన పెసర, అంచుల్లో బబ్బెర్లు, జొన్న దంటు ఆసరాగా పాకడానికి అనుములు. పెసర ముందుగా చేతికొచ్చేది, తర్వాత బబ్బెరకాయ, తర్వాత జొన్న. జొన్న కోసుకున్నాక మిగిలిన దంట్లను పట్టుకుని అనుముల తీగ చలికాలమంతా పూస్తూ కాస్తూ ఉండేది, అందరికన్నా ఆఖరున కంది. వాన ముందొచ్చినా ఏదో ఒకటి దక్కేది, వెనకొచ్చినా ఏదో ఒకటి దక్కేది. చేను ఖాళీగా ఉందని అవ్వ అనగా నేను వినలేదు.

ఆ అనుములను మా ఊళ్లో సుక్కల అనుములు అనేవారు. అవి అవ్వ పుట్టింటి నుంచి వచ్చినవి. పెళ్లయి అత్తగారింటికి వచ్చేటప్పుడు అమ్మమ్మ అవ్వ ఒడిలో బియ్యంతో పాటు ఈ గింజలు పోసిందట, అమ్మమ్మకు వాళ్ల అమ్మ పోసిందట. విత్తనం విషయంలో అవ్వకు పెద్ద పట్టింపు ఉండేది. ఎవరైనా విత్తనం అడగడానికి వస్తే కొంగు పట్టాలి, గంపలోనో చేటలోనో పొయ్యదు. వచ్చేవాళ్లు కూడా ఉత్త చేతులతో రాకూడదు, తమ ఇంట్లో ఉన్న వేరే గింజలు గుప్పెడైనా తేవాలి. మొగవాళ్లెవరైనా సంచి పట్టుకుని వస్తే, పోయి మీ ఇంటిదాన్ని తోలియ్యి అని మొహం మీదే చెప్పి పంపేసేది. పుట్టింట్లో ఆ గింజలు అయిపోయి అడగడానికొచ్చిన మా మేనమామను కూడా అలాగే వెనక్కి పంపింది, ఆయన దానికి ఎంతకాలం అలిగాడో చెప్తే మీరు నవ్వుతారు.

ఇక ఆ అనుముల గుడాలు! సాయంత్రం నానబెట్టి, పొద్దున ఉప్పేసి ఉడికించి, ఎండుమిరపకాయ, ఉల్లిగడ్డ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేయించి కలిపితే వాకిలి దాకా వాసన వచ్చేది. వట్టి గింజలను ఉడికించి తినడమే గుడాలంటే, అందులో వంట ఏముంది అంటారు పట్నం వాళ్లు, వాళ్లకేం తెలుసు. మొదటి షిఫ్టుకు పోయే బాపు టిఫిన్లో అవే ఉండేవి. గనిలో చీకట్లో మూత తీస్తే తోటివాళ్లంతా చేతులు పెట్టేవాళ్లనీ, తనకు మిగిలేది అడుగున మిరపకాయేననీ బాపు ఇంటికొచ్చి ఫిర్యాదు చేసేవాడు. మర్నాడు అవ్వ ఇంకో గుప్పెడు ఎక్కువ నానబెట్టేది. అప్పుడు కూడా బాపుకు మిరపకాయే మిగిలేది.

నాకు ఆ పరిశోధన కేంద్రంలో పని దొరికింది కూడా అవ్వ చేలో నేర్చుకున్న చురుకుదనం వల్లే అనుకుంటాను. బస్సులో పోయి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం. అక్కడ పెసర, కంది పొలాలు దువ్వెనతో దువ్వినట్టు ఉండేవి. ఆ కాలపు పరిశోధన అంతా ఒక్కటే మాట మీద నడిచింది: మొక్కలన్నీ ఒకే ఎత్తు ఉండాలి, అన్నీ ఒకేసారి పూయాలి, ఒకేసారి పండాలి, ఒకేసారి కోసేయాలి. వరుసలో ఒక మొక్క మిగతావాటికన్నా ఎత్తు పెరిగినా, తీగ సాగినా, పువ్వు రంగు మారినా దాన్ని బెరుకు అంటారు. దాన్ని గుర్తుపట్టి పీకేయాలి. నా కన్ను చురుకైనదని సార్లంతా మెచ్చుకునేవారు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు, దిగుబడి పెరగడం దేశానికి అవసరమైన రోజులవి, ఆ సార్లు రాత్రింబవళ్లు కష్టపడ్డవాళ్లే. నాకు జీతమొచ్చిందీ అందుకే.

ఒకసారి సుక్కల అనుములు గుప్పెడు పట్టుకెళ్లి పెద్దసారుకు చూపించాను. ఆయన ఓపిగ్గా చూసి, బాగున్నాయమ్మా, కాని మన దగ్గర కంది, పెసర మీదే పని, తీగ అనుముల పథకం ఏదీ లేదు, దీనికి మడి ఎక్కడివ్వను అన్నాడు. మంచి మనిషి, ఉన్న మాటే చెప్పాడు. ఆ గుప్పెడు గింజలు తిరిగి తెచ్చి అవ్వకిస్తే, మీ సార్లకు గుడాలు తిన మొకం లేదని నవ్వి వాటిని మళ్లీ కుండలో పోసింది. పెద్దసారు ఎవరో తెలియకుండానే అవ్వ ఆయన్ను చాలాకాలం గుడాలు తినని సారు అనేది.

తర్వాత ఓపెన్ కాస్టు వచ్చింది. మా ఊరు మొత్తం అందులోకి పోయింది. పరిహారం, ఉద్యోగాలు, సంతకాలు, ఆ గొడవలన్నీ మీకు తెలియనివి కావు, నేను వాటిలోకి పోను. ఊళ్లోవాళ్లు తలో దిక్కు అయ్యారు, కొందరు నస్పూర్, కొందరు శ్రీరాంపూర్, కొందరు బెల్లంపల్లి. మేము గని కంపెనీ కాలనీలో క్వార్టరుకు వచ్చాం. వచ్చే ముందు ఆఖరి పంట అవ్వ దగ్గరుండి కోసుకుంది. అనుముల తీగలో ఒక్క కాయ వదల్లేదు. గొడ్లను అమ్మేశారు, క్వార్టరులో కట్టేయడానికి చోటెక్కడిది. బర్రెను తోలుకుపోయేటప్పుడు కూడా ఏడవని మనిషి, గింజల కుండను బండి మీద పెట్టి దాని పక్కన తాను కూర్చుని, బండి కుదుపుకు కుండ పగలకుండా రెండు చేతులతో పట్టుకుని వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఊళ్లో ఉన్నప్పుడు విత్తనం దాచడమంటే పెద్ద పనే. గింజలు బాగా ఎండబెట్టి, కుండ అడుగున పిడకల బూడిద మందంగా పోసి, దాని మీద గింజలు, మళ్లీ బూడిద, మళ్లీ గింజలు, మధ్యమధ్య వేపాకు, చివరకు మూకుడు బోర్లించి అంచుల చుట్టూ పేడ, మన్ను కలిపి గట్టిగా మెత్తేసేవాళ్లు. మళ్లీ తొలకరికే ఆ మూత తీసేది, ఒక్క పురుగు ఉండేది కాదు. క్వార్టరుకు వచ్చాక బర్రె లేదు, పిడకలు లేవు. ఉన్నదల్లా కంపెనీ ఇచ్చే బొగ్గు. కాలనీలో పెరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు, పొద్దునా సాయంత్రం ప్రతి ఇంటి ముందూ పొయ్యి అంటించి పొగ పోయేదాకా వాకిట్లో పెట్టి, ఎర్రబడ్డాక లోపలికి తీసుకుపోయేవాళ్లం. ఆ పొయ్యి కింద బుట్టల కొద్దీ బూడిద. అవ్వ ఆ బూడిదను చూసి సంతోషించింది. ఊళ్లో ఇంత బూడిద కావాలంటే ఎన్ని పిడకలు కాల్చాలె బిడ్డా, ఈడ ఉత్తగనే వస్తున్నదని నాతోనే అంది.

ఎండలు ముదిరిన రోజులు. అవ్వ బూడిద పైన చెయ్యి పెట్టి చూసింది, చల్లగానే ఉంది. కుండ అడుగున మందంగా పోసింది, గింజలు పోసింది, మళ్లీ బూడిద పోసింది, మూత బిగించి మెత్తింది. కుండ కొంచెం వెచ్చగా తగిలిందట, కాని రామగుండం ఎండల్లో వెచ్చగా లేనిదేముంది, కూర్చునే గచ్చు వెచ్చన, తాగే నీళ్లు వెచ్చన. కుండను మూలకు పెట్టి దాని మీద పసుపు బొట్టు పెట్టింది.

తొలకరికి మా మేనమామ తన చేలో రెండు చాళ్లు ఇస్తానన్నాడు, పాత అలకంతా మరిచిపోయి. కుండ మూత తీస్తే అడుగున కొన్ని గింజలు మాడినట్టు నల్లగా ఉన్నాయి, వాటిని పాడయినవనుకుని ఏరి పారేసింది. మిగతావన్నీ నిగనిగలాడుతున్నాయి, సుక్కలు కూడా చెరగలేదు. వేసి వచ్చింది. మొలవలేదు. వాన ఎక్కువైందనుకుంది. మళ్లీ వేసింది. పావురాలు తిన్నాయనుకుంది, చీమలు పట్టాయనుకుంది, మామ నేలనే తిట్టింది. పాపం ఆ మామ ఈసారి అలగలేదు, ఇంకో రెండు చాళ్లు దున్నిచ్చాడు. అక్కడా నేల నోరు తెరవలేదు.

అప్పుడు అవ్వ గింజలను కొంగున కట్టుకుని నా దగ్గరకు వచ్చింది. అప్పటికి నేను విత్తన పరీక్షలు చేసే గదిలోకి మారాను. తడి కాగితాల మధ్య గింజలను వరుసగా పేర్చి, చుట్టలా చుట్టి నిలబెడితే, కొద్ది రోజుల్లో ఏది బతికిందో ఏది పోయిందో తేలిపోతుంది. నా చేతుల్తో కొన్ని వందల చుట్టలు విప్పి ఉంటాను. ఆ రోజు అవ్వ గింజల వంతు. పక్క చుట్టల్లో కేంద్రం వాళ్ల పెసలు తెల్లటి మొలకలతో కిక్కిరిసి ఉన్నాయి. అవ్వ చుట్ట విప్పితే గింజలు ఉబ్బి, జిగటగా, కుళ్లిన వాసనతో పడి ఉన్నాయి. ఒక పొడి గింజను తీసుకుని నిలువునా చీల్చి చూశాను. పైపొట్టు మీద ఒక్క మచ్చ లేదు. లోపల, మొలక రావాల్సిన చిన్న ముక్కు మాత్రం గోధుమరంగుకు తిరిగి, వేయించిన శనగలా ఉంది. ఆ గది బయట పంపు దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మొహం కడుక్కున్నా మళ్లీ ఏడుపే వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి చెప్పాను. అవ్వ నమ్మలేదు, మీ కాగితాలకేం తెలుస్తది, నేల ముట్టని గింజ ఎట్ల మొలుస్తది అని నన్నే కసిరింది. బాపు అన్నం తింటూ వింటున్నాడు. సాధారణంగా విత్తనం మాటల్లో ఆయన తలదూర్చడు, అది ఆడవాళ్ల రాజ్యం. ఆ రోజు ముద్ద చేతిలో ఉండగానే తలెత్తి అడిగాడు.

"ఏ బూడిద పోసినవే?"

"ఇంకేం బూడిద, పొయ్యిల బూడిదే."

బాపు చేతిలో ముద్ద కంచంలోకి జారింది. "బొగ్గు బూడిద గదనే అది. పైకి సల్లగుంటది, లోపట గడ్డల్ల నిప్పు పోదు. పొద్దటిది పొద్దుమీకి గూడ కాలుతది. నన్నొక్క మాట అడుగకపోతివి..." అన్నాడు.

మీరే చెప్పండి, ఆమె ఎందుకు అడుగుతుంది? పిడకల బూడిద గురించి పుట్టిన దగ్గర్నుంచి తెలిసిన మనిషి. పిడక కాలితే మెత్తగా కూలిపోతుంది, ఓ జాములో చల్లారిపోతుంది. బొగ్గుతో పొద్దంతా బతికే మనిషి ఇంట్లోనే ఉన్నాడు, విత్తనం మీద చెయ్యేసే అలవాటు ఆయనకు లేదు. విత్తనంతో పొద్దంతా బతికే మనిషికి బొగ్గు కొత్త. ఇద్దరూ ఒక్క గదిలో ఉండి కూడా ఆ కుండ దగ్గర కలవలేదు.

అవ్వ నా వైపు తిరిగి, "అంటే నా చేతుల తోటి నేనే ఉడుకబెట్టుకున్ననా బిడ్డా?" అంది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఊరు పోయినప్పుడు ఆమె ప్రభుత్వాన్ని తిట్టింది, కంపెనీని తిట్టింది, వాళ్ల సర్వేయర్లను వాకిట్లోకి రానివ్వలేదు. దీనికి మాత్రం తిట్టడానికి ఆమెకు తాను తప్ప ఇంకెవరూ దొరకలేదు. బాపు ఆ తర్వాత ఆ కంచం ముట్టలేదు.

అయినా అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఊళ్లో ఉన్నప్పుడు ఎంతమంది కొంగుల్లో ఆ గింజలు పోసింది! ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉండకపోవు. కొంగులో పెసలు మూటకట్టుకుని, నాకు సెలవు దొరికినప్పుడల్లా నన్ను వెంటబెట్టుకుని బయల్దేరేది. నస్పూర్ క్వార్టర్లు తిరిగాం, శ్రీరాంపూర్ తిరిగాం. ఊరివాళ్లు ఎంత ప్రేమగా కూర్చోబెట్టేవాళ్లో, అవ్వ విషయం చెప్పగానే అంత చిన్నబోయేవాళ్లు. వేసుకోవడానికి గుంట భూమి లేనప్పుడు విత్తనం ఎన్నాళ్లని దాచుకుంటారు? "వండుకున్నం వదినా" అని తల వంచుకుని చెప్పేవాళ్లు. ఒకావిడైతే, బతుకమ్మనాడు ఆఖరి గుప్పెడు గుడాలు చేసి పిల్లలకు పెట్టిన, గింజలయిపోయినయని నాకు ఏడుపొచ్చిందని, చెబుతూ మళ్లీ ఏడ్చింది. బెల్లంపల్లిలో ఒక ముసలావిడ మాత్రం, ఉన్నాయి అంది. అవ్వ లేచి నిలబడి కొంగు పట్టింది. ఆమె లోపలి నుంచి తెచ్చి పోసినవి బజారు అనుములు, తెల్లవి. కంటి చూపు తగ్గిన మనిషి, తేడా తెలియలేదు. అవ్వ వాటిని కాదనలేదు, కొంగున ముడేసుకుని, తన పెసలు ఆమెకు పోసి, దండం పెట్టి వచ్చేసింది. బస్సెక్కాక కూడా ఆ ముడి విప్పలేదు.

ఆఖరి ఆశ మా పక్క క్వార్టరులో ఉండే, మేం ఖాలా అని పిలిచే ముస్లిం ఆవిడ మీద పెట్టుకుంది. వాళ్లాయన కంపెనీ వర్క్‌షాపులో మెకానిక్కు. ఊరు పోయిన ఏడాది అవ్వ ఖాలాకు కూర వండుకోవడానికని పెద్ద డబ్బా నిండా సుక్కల అనుములు ఇచ్చింది. అవి బూడిద కుండ ఎక్కనివి, అంటే బతికినవి. ఆ సంగతి అవ్వకు ఉన్నట్టుండి ఒక పొద్దున గుర్తొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది, నేను వెనకాల. ఖాలా విన్నవెంటనే వంటింట్లో డబ్బాలన్నీ నేల మీద బోర్లించింది, ఒక డబ్బా దగ్గర ఆగి, దాన్ని గుండెకు అదుముకుని కూర్చుండిపోయింది.

"యా అల్లా, అక్కా, దాల్ కొట్టించిన. గోష్‌ కూరల ఏసుకుందామని మొన్ననే పప్పు కొట్టించిన. ఒక్కటి గూడ నిండు గింజ లేదు."

డబ్బా నిండా పసుపుపచ్చటి పప్పు. ప్రతి గింజా రెండు ముక్కలు. అవ్వ చెయ్యి పెట్టి అడుగుదాకా కలిపి చూసింది, ఒక్కటైనా పగలకుండా తప్పించుకుందేమోనని. తర్వాత ఖాలానే ఓదార్చింది. తినేందుకిచ్చిన గదనే, తినే పనే జేసినవు, నీకేం ఫికర్ అంటూ ఆమె కళ్లు తన కొంగుతో తుడిచింది. ఆ రోజు తర్వాత అవ్వ వెతకడం మానేసింది.

మానేసింది గాని, మరిచిపోలేదు. కుండలో మిగిలిన గింజలను రేకు డబ్బాలో పోసి, ప్రతి ఎండాకాలం చాటలో ఆరబోసి, పురుగు లేదని చూసుకుని, మళ్లీ డబ్బాలో పెట్టేది. అవి చచ్చినవని నేను చెప్పిన మాట ఆమెకు తెలుసు, నమ్మింది కూడా. అయినా మనవడు ఆడుకోవడానికి తీస్తే కోప్పడేది. ఒకసారి తడిగుడ్డలో నాలుగు గింజలు కట్టి మంచం కింద పెట్టుకోవడం నా కంటపడింది. నన్ను చూసి సిగ్గుపడి, ఊకెనే, మనసు మార్చుకుంటయేమోనని అంది. బాపు పోయాక ఆమె కంపెనీ దవాఖానలో మంచాన ఉన్నప్పుడు ఆ డబ్బా నాకు అప్పగించి, "తినకు, పారెయ్యకు" అని మాత్రం చెప్పింది. ఏం చెయ్యాలో చెప్పలేదు, ఏం చెయ్యకూడదో చెప్పింది. అందుకే ఇన్నేళ్లుగా చీరల వెనక ఉంది.

నేను చెప్పినంత విన్నాక ఆ అమ్మాయి కిటికీలోంచి దూరంగా కనిపించే మట్టిగుట్టల వైపు చూసింది. అవి ఓపెన్ కాస్టు తవ్వి పోసినవి. వాటిలో ఏ గుట్టలో మా చేను మట్టి ఉందో నాకు తెలియదు. తర్వాత ఆమె అంది, చచ్చిన గింజను కూడా ఇప్పుడు చదవొచ్చట. మొలవకపోయినా, లోపల దాని పుట్టుపూర్వోత్తరాలు రాసి ఉంటాయట, మిషన్లో పెట్టి ఆ రాత అంతా చూసి, దేశదేశాల నుంచి సేకరించి చలిగదుల్లో దాచిన అనుములతో పోల్చితే, దీని చుట్టాలు ఇంకా ఎక్కడైనా బతికున్నారా అన్నది తెలుస్తుందట. బతికుంటే తెప్పించి మళ్లీ వేయొచ్చు అంది. అవ్వ కాళ్లకు చెప్పుల్లేకుండా పరుగెత్తిన పొద్దు గుర్తొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఇంకొకరు ఆ గింజను అడగడానికి పోతారన్నమాట, నస్పూరు, బెల్లంపల్లి కాదు, ప్రపంచమంతా.

అయితే పద్ధతి పద్ధతే. చున్నీ పట్టు అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయి, కాగితపు పొట్లం తీయబోయి, మళ్లీ నా మొహం చూసి నవ్వి, చున్నీ చాచింది. సగం గింజలు పోశాను. ఉత్త చేతులతో రాకూడదన్న మాట కూడా చెప్పాను. తన బ్యాగులో వెతికి, కేంద్రం వాళ్లు కొత్తగా చేసిన పెసర రకం చిన్న పొట్లం తీసి నా కొంగులో పోసింది. అవ్వ ఉంటే ఈ పిల్లను మెచ్చుకునేది.

వానలు పడ్డాక ఆమె ఫోన్ చేసింది. ముందు గొంతు చాలా హుషారుగా ఉంది. "అమ్మా, మీ అవ్వ గింజ వేరే రకమమ్మా. మా దగ్గరున్న దేంతోటి గూడ కలుస్తలేదు. ఎండకు ఆగే గుణం దీంట్ల ఉండొచ్చనిపిస్తున్నది" అని గబగబా చెప్పుకుపోయింది. సైంటిస్టుకు అది పండగే కదా. నేను ఒక్క మాటే అడిగాను, అంటే ఇంకెక్కడా లేదా బిడ్డా అని. ఆమె హుషారంతా తగ్గి, చాలా మెల్లగా, "మేం చూసినంత వరకైతే ఎక్కడ లేదమ్మా" అంది. ఆ పిల్ల కూడా ఏడుస్తోందని నాకు తెలిసింది. మా ఎండలన్నిటినీ ఓర్చుకున్న గింజ, ఒక మట్టికుండలో ఒక్కపూట బొగ్గు బూడిద వేడికి ఓర్చుకోలేకపోయింది. అవ్వ కొంగు పట్టుకుని ఇల్లిల్లూ అడిగిన మాటకు, ఆమె పోయిన ఇన్నేళ్లకు సమాధానం వచ్చింది, అది ఆమె వినకపోవడమే మంచిదైంది.

బొగ్గుల పొయ్యి ఇప్పుడు మా వీధిలో ఎవరి ఇంట్లోనూ లేదు, అంతా గ్యాసే. బజారులో అనుములు ప్లాస్టిక్ ప్యాకెట్లలో, ఒక్కటి ఎక్కువ లావు, ఒక్కటి తక్కువ లావు లేకుండా అందంగా దొరుకుతాయి. అప్పుడప్పుడు గుడాలు చేస్తాను, మా ఆయన బాగున్నాయనే అంటాడు. మా కాలంలో గింజను పోల్చుకోవడానికి చేను కావాలి, వాన కావాలి, దాన్ని అడిగి పట్టుకెళ్లడానికి ఒక కొంగు కావాలి; ఇప్పుడు చేను లేకుండానే, వాన లేకుండానే దాని రాతంతా చదవగలరు. అది చిన్న సంగతి కాదు, ఆ పిల్ల లాంటివాళ్లు ముందే పుట్టి ఉంటే ఎంత బాగుండేదో అని రోజూ అనుకుంటాను. కాని చదవగలరు గాని, ఉడికించి ఎవరికీ పెట్టలేరు.

ఆమె ఇచ్చిన పెసలు మా ప్రహరీ పక్కన రెండు వరసలు వేశాను. అన్నీ మొలిచాయి. ఇప్పుడు మోకాలెత్తు ఉన్నాయి. నా కంటికి పాత అలవాటు పోలేదు, పొద్దున్నే నీళ్లు పోయడానికి వెళ్తే నడుం వంచి వరస వెంట చూస్తాను, మిగతావాటికన్నా ఒక్కటి ఎత్తు పెరిగిందేమో, ఒక్కటి తీగ సాగిందేమో, ఒక్కదాని పువ్వు రంగు మారిందేమో అని. ఈసారి పీకడానికి కాదు. అయినా ఒక్క బెరుకూ కనిపించదు.